సవ్తా రోజుకి వందసార్లు దేవుడికి కృతజ్ఞత చెప్తుంది, దీని గురించి మీకేమైనా తెలుసా?

జగిత్యాల_అక్క (రామత్ గన్)

అందరికీ నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆరేళ్ళుగా ఇజ్రాయెల్‌లో ఉన్నాను, ఇప్పుడు రామత్ గన్ అనే ఊళ్ళో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను. ఆమెకు 88 ఏళ్ళు, పుట్టింది బాగ్దాద్‌లో. 1951లో ఇరాక్ యూదులను విమానాల్లో ఇక్కడికి తెచ్చినప్పుడు అమ్మానాన్నలతో వచ్చిందట, మొదట్లో గుడారాల్లో బతికారట. నేను ఆమెను సవ్తా అంటాను, అంటే హీబ్రూలో నానమ్మ. ఆమె నన్ను బింతీ అంటుంది, అది అరబ్బీ, బిడ్డా అని.

విషయం ఏంటంటే, పొద్దున్నే కళ్ళు పూర్తిగా తెరవకముందే ఆమె పెదవులు కదులుతాయి. "మోదా అనీ" అని మొదలయ్యే ఒక చిన్న మాట. తర్వాత నేను మంచం దగ్గరికి గిన్నె, రెండు చెవులున్న ఒక చెంబు తెస్తాను, దాన్ని నత్లా అంటారు. కుడి చేతి మీద ఒకసారి, ఎడమ మీద ఒకసారి, అలా మార్చి మార్చి మూడేసి సార్లు పోసుకుంటుంది. చెయ్యి వణుకుతుంది కాబట్టి చెంబు అడుగున నా చెయ్యి ఉంటుంది. నీళ్ళు తాగితే ఒక మాట, రొట్టె ముట్టుకుంటే ఒక మాట, ఉరిమితే ఒక మాట. బాత్రూం నుంచి బయటకు వచ్చి చేతులు కడుక్కున్నాక కూడా ఒక మాట ఉంది. మొదటి ఏడాది అది నాకు చాలా వింతగా అనిపించింది, దానికి కూడా దేవుడా అని.

రెండేళ్ళ కింద ఒక రాత్రి ఆమెకు మూత్రం ఆగిపోయింది. నొప్పికి అరిచింది, నా చేతిలో గోళ్ళు దిగాయి. ఆస్పత్రిలో గొట్టం వేశారు. పది రోజులకు గొట్టం తీసిన తర్వాత మామూలుగా వచ్చింది. అప్పుడు ఆ మాట పైకి చదివింది, ఏడుస్తూ. తలుపు దగ్గర ఉన్న నర్సు ఆమేన్ అంది. ఆ రోజు అర్థం అడిగాను. మనిషిని తెలివిగా చేశావు, లోపల ఎన్నో రంధ్రాలు, ఎన్నో దారులు పెట్టావు, వాటిలో ఒకటి తెరుచుకోకూడనిది తెరుచుకున్నా, ఒకటి మూసుకుపోయినా ఒక్క గంట కూడా నీ ముందు నిలబడలేము, అని దాని భావం.

మా ఆయన దుబాయ్‌లో, పిల్లలు అమ్మ దగ్గర, అప్పు ఇంకా ఉంది. నా మనసు పొద్దున లేవగానే లేనివాటిని లెక్కపెడుతుంది. ఒకరోజు సవ్తా ఎన్నిసార్లు చెప్తుందో ఫ్రిజ్ మీద కాగితం పెట్టి గీతలు గీశాను, రాత్రి అన్నం టైంకి 61 వచ్చాయి. "వంద కావాలి బింతీ" అంది. ఆ వంద ఎక్కడిది? మనలాంటి వాళ్ళం దీని నుంచి ఏం తీసుకోవచ్చు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పుస్తకాల_పురుగు (హైదరాబాద్)

అక్కా, ఎంత చక్కగా చూశారు. యూదు గ్రంథాలు ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను, కానీ ఆ చెంబు కింద చెయ్యి పెట్టే భాగ్యం నాకు లేదు, మీకుంది.

వంద లెక్క తాల్ముడ్‌లోది, అంటే యూదు పెద్దల చర్చలున్న పాత గ్రంథం. రబ్బీ (యూదు గురువు) మేయిర్ అనే ఆయన, మనిషి రోజుకు వంద స్తుతులు చెప్పాలి అన్నాడు. బైబిల్లోని ద్వితీయోపదేశకాండంలో "నీ దేవుడు నిన్ను ఏమి అడుగుతున్నాడు" అనే వాక్యం ఉంది. ఏమి అనే దానికి హీబ్రూలో "మా", వందకు "మేఆ". ఏమి అడుగుతున్నాడు అన్నచోట వంద అడుగుతున్నాడు అని చదివాడు. షబ్బత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా ఉండే విశ్రాంతి దినం) రోజు ప్రార్థన పొట్టిగా ఉంటుంది కాబట్టి లెక్క తగ్గుతుందని, ఆ రోజు సుగంధ ద్రవ్యాలు వాసన చూసి, తీపి తిని లెక్క నింపుకున్న పండితుడి ముచ్చట కూడా అక్కడే ఉంది.

బాత్రూం తర్వాత మాట పేరు అషేర్ యత్సర్. దాన్ని తాల్ముడ్‌లో చెప్పింది అబాయే అనే పండితుడు, 4వ శతాబ్దం, బాబిలోనియాలో పుంబెదిత విద్యాపీఠానికి పెద్ద. అంటే ఇప్పటి ఇరాక్‌లో. సవ్తాకు చెప్పండి, ఆ మాట ఆమె పుట్టిన గడ్డ మీదే పుట్టింది.

ఇక మోదా అనీ. మగవాళ్ళు మోదే అంటారు. "కృతజ్ఞత చెప్పుకుంటున్నాను నీకు, నా ప్రాణాన్ని దయతో మళ్ళీ నాకు ఇచ్చావు" అని సారాంశం. హీబ్రూలో మాటల వరుస చూడండి, మోదే అంటే కృతజ్ఞత చెప్పడం, అనీ అంటే నేను. ముందు కృతజ్ఞత, తర్వాతే నేను. మన తెలుగులో అయితే "నేను" అనకుండానే వాక్యం ముగిసిపోతుంది, ఆ సౌకర్యం మనకు ఉంది. అందులో దేవుడి పేరు కూడా ఉండదు, అందుకే చేతులు కడుక్కోకముందే, మంచం మీదే చెప్పుకోవచ్చు.

గొట్టం వేసేదాకా ఆ మాట మీకు వింతగా అనిపించింది కదా, దానికి 11వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఉన్న బహ్యా ఇబ్న్ పకూదా మంచి పోలిక చెప్పాడు. ఒకాయనకు ఎడారిలో పసికందు దొరికితే ఇంటికి తెచ్చి, పెంచి, పెద్దవాణ్ణి చేశాడు. అదే మనిషి మరొకప్పుడు శత్రువు చెరలో ఉన్న ఒక బందీని డబ్బు కట్టి విడిపించాడు. పసికందుకు చేసింది చాలా ఎక్కువ. కానీ ఎక్కువ కృతజ్ఞత ఎవరికుంటుంది? బందీకి. ఎందుకంటే వాడికి సంకెళ్ళు తెలుసు. పసివాడికి ఆ ప్రేమ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, గాలిలాగా.

గోదావరి_పిల్ల (అష్డోద్)

జగిత్యాల అక్కా, నేనూ ఇదే పని, అష్డోద్‌లో. మాది భీమవరం వైపు, చిన్నప్పటి నుంచి చర్చికి వెళ్ళిన దాన్ని. ఈ మాటల్లో సగం మన తెలుగు బైబిల్లో చదివినవే, కానీ మేం ఆదివారం చదివినదాన్ని వీళ్ళు సోమవారం పొద్దున గిన్నెలు తోముకుంటూ కూడా అంటారు, అదే నాకు కొత్త.

బైబిల్లో యాకోబు భార్య లేయా నాలుగో కొడుకును కన్నప్పుడు "ఈసారి యెహోవాను స్తుతించెదను" అని యూదా అని పేరు పెట్టింది కదా. ఆ యూదా నుంచే యూదులు అనే పేరు, అంటే వాళ్ళ పేరులోనే కృతజ్ఞత ఉందని నేను చూసుకునే తాతగారు చెప్పారు. భర్త తనను ప్రేమించడం లేదని మొదటి ముగ్గురు కొడుకుల పేర్లలోనూ బాధే చెప్పుకున్న ఆడది, నాలుగోసారి ఆ మాట అంది. భర్త మారలేదు. బాధ కూడా పోలేదు అనుకుంటా. అయినా అంది.

ఇంకో సంగతి. మా పక్క వాటాలో ఒక కుటుంబం ఉంది, బెనె ఇజ్రాయెల్ వాళ్ళు, ముంబై, కొంకణ్ వైపు నుంచి వచ్చిన యూదులు, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు. కొడుక్కి ఆపరేషన్ అయ్యి ఇంటికి వచ్చాడని మలీదా చేశారు, నన్నూ పిలిచారు. పళ్ళెం చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అటుకులు! తడిపిన అటుకులు, కొబ్బరి కోరు, పంచదార, యాలకులు, కిస్‌మిస్, చుట్టూ పండ్లు. ఏలియా ప్రవక్త పేరు మీద పాట పాడి, మొక్కు తీరినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటారు. పెళ్ళికీ చేస్తారు, కొత్త ఇంటికీ చేస్తారు.

పండ్లకు కూడా ఒక్కోదానికి ఒక్కో స్తుతి. ఖర్జూరానికి చెట్టు పండు అనే స్తుతి, అరటిపండుకు మాత్రం నేల పంట అనే స్తుతి. ఎందుకంటే అరటి బోదె ఏడాదేడాది నిలిచే చెట్టు కాదట. మా నాన్నకి అరటితోట ఉండేది. గెల కోశాక బోదె నరికేసి పిలక వదలడం రోజూ చూసినదాన్ని, అరటి చెట్టు కాదని ఎప్పుడూ తోచలేదు. మా తాతగారు పండు చేతిలో పట్టుకుని ఇది ఏ స్తుతి అని ఒక్క క్షణం ఆగాడు చూడండి, ఆ క్షణంలో నాకు మా తోట మొత్తం కనపడింది.

ప్రశ్నల_పెట్టె (విశాఖ)

అందరూ మంచిగా రాస్తున్నారు. నేను మధ్యలో వచ్చి చెడగొడుతున్నానేమో, కానీ అడగకుండా ఉండలేకపోతున్నా. మా ఆయన పోయి ఎనిమిది నెలలు. వచ్చిన ప్రతి చుట్టమూ "ఉన్న పిల్లల్ని చూసుకుని తృప్తి పడమ్మా", "ఎంతో మందికి నీకున్న ఇల్లు కూడా లేదు" అన్నారు. మూడో రోజు నుంచే మొదలుపెట్టారు. కృతజ్ఞత అనే మాట వింటేనే ఒళ్ళు మండుతోంది. పొద్దున లేవగానే ప్రాణం తిరిగి ఇచ్చినందుకు థాంక్స్ చెప్పాలా? పక్కన ఖాళీ మంచం ఉంటే ఏమని చెప్పను? మీ యూదు పెద్దలు దీనికేమంటారో చెప్పండి.

పుస్తకాల_పురుగు (హైదరాబాద్)

అమ్మా, మీరేమీ చెడగొట్టలేదు. ఈ మాట రాకపోతే మేం రాసినదంతా సగమే అయ్యేది.

యూదు ధర్మంలో ఇంట్లో మనిషి పోయి ఇంకా ఖననం కాని సమయంలో దగ్గరి బంధువుకు ప్రార్థనలు, స్తుతులు చెప్పే బాధ్యతే ఉండదు. తినేముందు రొట్టె మీద చెప్పే స్తుతి కూడా అక్కర్లేదు. వంద చెప్పమన్న ధర్మమే ఆ వేళ ఒక్కటి కూడా అడగదు. తాల్ముడ్‌కు మూలమైన మిష్నా అనే గ్రంథంలో, పిర్కే అవోత్ అనే భాగంలో, చనిపోయినవారు ఎదురుగా ఉండగా మనిషిని ఓదార్చబోవద్దు అని స్పష్టంగా ఉంది. తర్వాత ఏడు రోజులు షివా, అంటే ఇంట్లో కూర్చుని దుఃఖపడే రోజులు. చూడవచ్చినవాళ్ళు దుఃఖంలో ఉన్న మనిషి నోరు తెరిచేదాకా తాము మాట మొదలుపెట్టకూడదు, ఊరికే కూర్చోవాలి. ఖననం నుంచి వచ్చాక మొదటి భోజనం ఇంట్లోది తినకూడదు, ఇరుగుపొరుగు తెచ్చి పెట్టాలి, గుడ్లు, పప్పుదినుసులు, అలా గుండ్రటివి. మన ఊళ్ళలో కూడా పొయ్యి వెలగని ఇంటికి పక్కింటివాళ్ళు అన్నం తెస్తారు కదా.

మీకు మూడో రోజే తృప్తి గురించి చెప్పినవాళ్ళు అక్కడ కూడా తప్పు చేసినట్టే లెక్క.

జగిత్యాల_అక్క (రామత్ గన్)

విశాఖ చెల్లీ (పెద్దవారైతే అక్కా), నిరుడు సవ్తా తమ్ముడు పోయాడు. ఫోన్ వచ్చినప్పుడు ఆమె నోట "బారుఖ్ దయాన్ హఎమెత్" అని వచ్చింది, సత్యమైన న్యాయాధిపతికి స్తుతి అని. తర్వాత బ్లౌజు కాలర్ దగ్గర చింపుకుంది. అది సంతోషంగా చెప్పిన మాట కాదు చెల్లీ, గొంతు ఎండిపోయి ఉంది. మంచిదానికి ఎలా స్తుతి చెప్తామో చెడుదానికీ చెప్పాలని వీళ్ళ పెద్దల మాట, కానీ రెండిటికీ ఒకే మాట పెట్టలేదు, చూశారా. బట్ట చింపుకోవడానికి కూడా చోటు ఉంచారు. ఏడు రోజులూ ఆమె పొట్టి స్టూల్ మీద కూర్చుంది. నేను పక్కన కింద కూర్చున్న. ఎవరూ తృప్తి మాట ఎత్తలేదు.

కూలిబిడ్డ (నిజామాబాద్)

నాదీ ఒక అభ్యంతరం, వేరే రకం. మా అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. బాగాలేవని పక్కకు తీసిన కట్టలకు పైసలు ఇవ్వరు, అడిగితే "ఉన్నదాంట్ల తృప్తి పడాలె" అన్న నీతి చెప్పేవాళ్ళు. ఆ నీతి చెప్పినాయన మాత్రం రెండో బిల్డింగు కట్టుకున్నాడు. తృప్తి అనే మాట ఎప్పుడూ పై నుంచి కిందికే దిగుతుంది, ఇదే నా బాధ. యూదుల బోధలో అయినా ఇది వేరేగా ఉందా, లేక ఇది కూడా ప్రాప్తం, రాసిపెట్టి ఉంది, నోరు మూసుకో అనేదేనా?

పుస్తకాల_పురుగు (హైదరాబాద్)

తమ్ముడూ, బెన్ జోమా అనే ఆయన మాట ఒకటి ఉంది, పిర్కే అవోత్‌లోనే. ధనవంతుడు ఎవరు? తన వంతులో సంతోషించేవాడు. హీబ్రూలో సమేయఖ్ బెఖెల్కో. ఖెలెక్ అంటే వంతు, భాగం. ప్రాప్తం అని తర్జుమా చేస్తే మీరు భయపడ్డ అర్థమే వస్తుంది, అందుకే నేను వంతు అంటాను. దానికి ఆయన చూపించిన ఆధారం 128వ కీర్తన, మన బైబిల్లో "నీవు నీ చేతుల కష్టార్జితము ననుభవించెదవు" అని ఉంది. అంటే మాట కష్టార్జితం గురించే. కష్టపడ్డవాడి చేతికి అది రావాలి, వచ్చినదాంట్లో సంతోషించాలి. రానివ్వకుండా అడ్డుపడినవాడికి ఈ వాక్యం ఉపయోగపడదు.

పైగా ఆ మాట నా వంతు గురించి నాకు చెప్పినది. ఎదుటివాడి వంతు గురించి వేరే ఆజ్ఞ ఉంది: ఏనాటి కూలి ఆనాడే, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలి, వాడు పేదవాడు, ప్రాణం దాని మీదే పెట్టుకున్నాడు. ద్వితీయోపదేశకాండం 24. నీ కూలివాడికి తృప్తి బోధించు అని ఎక్కడా లేదు.

జగిత్యాల_అక్క (రామత్ గన్)

కూలిబిడ్డ తమ్ముడు అన్నది నేను అనుభవించాను. ఈ ఇంటికి రాకముందు వేరే ఇంట్లో చేశాను, పేరు వద్దు. వారానికి ఒక సెలవు రోజు ఉండాలి, అది ఇచ్చేవాళ్ళు కాదు, ఆ రోజుకు డబ్బులూ ఇవ్వలేదు. అడిగితే మీ ఊళ్ళో ఇంత జీతం వస్తుందా అన్నారు. నేను మాట్లాడకుండా ఊరుకున్నా, అదే తృప్తి అనుకున్నా. అది భయం.

ఇక్కడికి వచ్చాక మొదటి నెల 30న సవ్తా కొడుకు ఏదో పనిలో పడి జీతం వేయడం మర్చిపోయాడు. సాయంత్రం సవ్తా ఫోన్ చేసి వాణ్ణి పిలిపించింది. ఎండ పోతోంది, రా అంది. వాడు నవ్వుతూ వచ్చి కవరు ఇచ్చాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు ఎండకూ జీతానికీ సంబంధం ఏంటో, ఇవాళ మీ పోస్టు చదివాక అర్థమైంది. ఈమెకు కృతజ్ఞత ఎక్కువ, అందుకే నా జీతం ఆలస్యం కానివ్వదు. రెండూ ఒకటేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఎడిసన్_నాన్న (న్యూజెర్సీ)

ఈ థ్రెడ్ మూడు రోజులుగా చదువుతున్నా, ఇవాళ రాయాలనిపించింది. నాది సాఫ్ట్‌వేర్, మార్చిలో ఉద్యోగం పోయింది. వీసా టెన్షన్, ఇంటి లోను, ఇద్దరు పిల్లలు. రోజూ పొద్దున అయిదింటికి లేచి లింక్డిన్ చూడటం, రాత్రి ఒంటిగంటకి మళ్ళీ చూడటం. పాత ఆఫీసులో నాతో పనిచేసినాయన పక్క ఊరు హైలాండ్ పార్క్‌లో ఉంటాడు, ఆ ఊళ్ళో యూదులు ఎక్కువ. ఒక శుక్రవారం కుటుంబంతో భోజనానికి రమ్మన్నాడు. ఫోన్ కార్లోనే వదిలి రా అన్నాడు, వాళ్ళు ఆ పూట ముట్టరు.

వెళ్ళేసరికి దీపాలు వెలుగుతున్నాయి. బల్ల మీద రెండు రొట్టెలు, జడ అల్లినట్టు అల్లినవి, ఖల్లా అంటారు, పైన బట్ట కప్పి ఉంది. రెండు ఎందుకు అని మా చిన్నది అడిగింది. బైబిల్లో చెప్పినట్టు ఎడారిలో మన్నా అనే ఆహారం ఆకాశం నుంచి కురిసినప్పుడు రోజుకు ఆ రోజుకు సరిపడానే ఏరుకోవాలి, దాచుకుంటే పురుగులు పట్టేవి, శుక్రవారం మాత్రం రెండింతలు దొరికేది, అందుకు గుర్తు అని చెప్పాడు. దాచుకుంటే పురుగులు అన్న మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది, నేను చేస్తున్నది అదే కదా, రేపటి భయాన్ని ఇవాళే పోగుచేసుకోవడం.

భోజనానికి ముందు అందరూ కలిసి ఒక పాట పాడారు, ఆ ఇంటావిడ వైపు తిరిగి. బైబిల్లోని సామెతలు 31 అట. అయ్యాక వాళ్ళాయన మామూలు ఇంగ్లీషులో కూడా థాంక్స్ చెప్పాడు ఆవిడకి, ఆ వారం ఆవిడ చేసిన పనులు పేరుపేరునా చెప్పి. మా ఆవిడ నా వైపు చూడలేదు. పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. ఏడు నెలలుగా తన ఒక్క జీతంతో ఇల్లు నడుస్తోంది, నేను ఒక్కసారి కూడా నోరు విప్పి చెప్పలేదు. మన ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలకి థాంక్స్ ఏంటి అనుకుంటాం. కారెక్కాక చెప్పాను. సిగ్గుగా అనిపించింది, కానీ చెప్పాను. తను ఏమీ అనలేదు, గేరు మీద ఉన్న నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

ఆ రాత్రి ఉద్యోగం మాట ఎత్తితే ఆయన మెల్లగా ఆపాడు. షబ్బత్ నాడు చేయాల్సిన పనులన్నీ అయిపోయినట్టే ఉండాలట. నిజంగా అవ్వవు, అయినా అయిపోయినట్టు. మామూలు రోజుల ప్రార్థనలో ఆరోగ్యం, జీవనోపాధి అని పదమూడు కోరికలు ఉంటాయట, షబ్బత్ ప్రార్థనలో అవి తీసేస్తారట. ఒక్కరోజు ఏమీ అడగకుండా ఉండటం. ఉద్యోగం ఇంకా రాలేదు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా మాత్రం ల్యాప్‌టాప్ తెరవడం మానేశాను.

గోదావరి_పిల్ల (అష్డోద్)

అన్నా, సామెతలు 31 అంటే "గుణవతియైన భార్య దొరుకుట అరుదు, అట్టిది ముత్యముకంటె అమూల్యమైనది". మా పెళ్ళిలో పాస్టర్ గారు చదివారు. పెళ్ళిరోజు ఒక్కసారి చదివి వదిలేశాం, వీళ్ళు వారంవారం పాడతారు.

చేబ్రోలు_మనవడు (గుంటూరు)

యూదులు అంటే ఎక్కడో దూరం అనుకోకండి, మా అమ్మమ్మగారి చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు, బెనె ఎఫ్రయిం అంటారు, చిన్న ప్రార్థనా మందిరం కూడా ఉంది. ఎక్కువమంది కూలిపనులు చేసుకునేవాళ్ళే. పని దొరికే రోజు శనివారం అయినా షబ్బత్ అని ఆగిపోవడమంటే వాళ్ళకి ఒకరోజు కూలి వదులుకోవడం. ఎడిసన్ అన్న ల్యాప్‌టాప్ మూసినట్టే, కానీ ఇక్కడ ఆ రోజు ఖరీదు అన్నం ముద్దలో కనపడుతుంది. అది రాయాలనిపించింది.

పుస్తకాల_పురుగు (హైదరాబాద్)

చేబ్రోలు తమ్ముడి మాటకి తాల్ముడ్‌లోని ఒక కథ గుర్తొచ్చింది. రబ్బీ అకీవా పెళ్ళయిన కొత్తలో కటిక పేదవాడు. భార్య డబ్బున్నవాళ్ళ పిల్ల, అతన్ని చేసుకుందని తండ్రి ఆస్తి లేకుండా చేశాడు. చలికాలం గడ్డి కొట్టంలో పడుకునేవాళ్ళు. పొద్దున భార్య జుట్టులోంచి గడ్డిపరకలు ఒక్కొక్కటే తీస్తూ, "నాకే ఉంటే నీకు బంగారు యెరూషలేం నగ చేయించేవాణ్ణి" అన్నాడట. అప్పుడు ఏలియా ప్రవక్త మామూలు మనిషి వేషంలో వాకిట్లోకి వచ్చి, నా భార్య ప్రసవించింది, పడుకోబెట్టడానికి ఏమీ లేదు, కాస్త గడ్డి ఇవ్వండి అన్నాడు. చూశావా, గడ్డి కూడా లేని మనిషి ఉన్నాడు, అన్నాడు అకీవా భార్యతో.

ప్రశ్నల_పెట్టె (విశాఖ)

అంటే మళ్ళీ అదేగా సార్, నీకంటే కష్టంలో ఉన్నవాణ్ణి చూసి ఊరట పడు అని. నాకు చెప్పింది కూడా ఇదే.

జగిత్యాల_అక్క (రామత్ గన్)

నాకు అలా అనిపించలేదు చెల్లీ. ఆ మనిషి చేతులు చాచి నిలబడ్డాడు, వీళ్ళ దగ్గర ఇవ్వడానికి ఉంది. పొద్దుటిదాకా జుట్టులో గుచ్చుకుంటున్న గడ్డి ఒక్కసారిగా ఇవ్వగలిగిన వస్తువైంది. చుట్టాలు మీకు వేరేవాళ్ళ కష్టం చూపించారు, మీ దగ్గర ఏమీ అడగలేదు. సవ్తాకు పింఛను ఎంతో నాకు తెలుసు, ఎక్కువేం కాదు. శుక్రవారం దీపాలు వెలిగించేముందు ఒక డబ్బాలో చిల్లర వేస్తుంది. దానం తీసుకుని బతికేవాడు కూడా అందులోంచి కొంచెం దానం ఇవ్వాలని వీళ్ళకు నియమం ఉందట. ఎందుకు అని అడిగితే, ఇవ్వలేనంత లేమి ఎవరికీ ఉండకూడదు బింతీ అంది.

ప్రశ్నల_పెట్టె (విశాఖ)

అక్కా, రెండు రోజులు మీ మాట గురించే ఆలోచించాను. మా ఆయన చొక్కాలు బీరువాలో అలాగే ఉన్నాయి, ఎవరికీ ఇవ్వలేదు, ఇప్పుడప్పుడే ఇవ్వను కూడా. కానీ నిన్న పక్క వీధిలో ఒకావిడకి మామగారు పోయారు. పొయ్యి వెలిగి ఉండదని పప్పు, అన్నం చేసి తీసుకెళ్ళాను. ఓదార్చే మాట ఒక్కటీ అనలేదు, పక్కన కూర్చున్నాను అంతే. చాలాసేపటి తర్వాత ఆవిడే మాట్లాడింది. పొద్దున లేచి ఆ ప్రాణం తిరిగి ఇచ్చే మాట నేను ఇంకా అనలేను. గిన్నె ఖాళీగా తిరిగి వచ్చినప్పుడు మాత్రం ఏదో ఒకటి అనాలనిపించింది. ఏమనాలో తెలియలేదు.

గోదావరి అమ్మాయ్, ఆ మలీదాలో అటుకులు తడపాలా, నానబెట్టాలా?

గోదావరి_పిల్ల (అష్డోద్)

తడపాలి అక్కా, నానితే ముద్దయిపోతాయి. పక్కావిడని అడిగి రాస్తున్నా: జల్లెడలో వేసి పైన నీళ్ళు పోసి వెంటనే వంచేయాలి, పది నిమిషాలు వదిలేయాలి. మందం అటుకులే బాగుంటాయి. అరకిలోకి ఒక పెద్ద కొబ్బరికాయ, పంచదార మీ ఇష్టం, ఆవిడ బెల్లం కూడా పర్లేదు అంది. చేత్తోనే కలపాలి, గరిటె వద్దు.

జగిత్యాల_అక్క (రామత్ గన్)

ఈ శుక్రవారం ఎండ పోకముందు నేను చేశాను. అటుకులు తెల్ అవీవ్ బస్టాండ్ దగ్గర మనవాళ్ళ సామాను దొరికే కొట్లో తెచ్చిన. పండ్లు కొనేటప్పుడు సీతాఫలం కనపడింది, ఇక్కడ అనోనా అంటారు, మన దానికంటే నున్నగా, పెద్దగా ఉంటుంది కానీ వాసన అదే. మా చెలకలో దసరా తర్వాత బుట్టలకు బుట్టలు తెంపేవాళ్ళం, ఆరేళ్ళలో నేను ఒక్కటి కూడా కొనుక్కోలేదు, రేటు చూసి వదిలేసేదాన్ని.

పళ్ళెం ముందు పెడితే సవ్తా ఒక్కోటీ ముట్టుకుని ఇదేంటి అని అడిగింది. అనోనా దగ్గర ఆగి, ఈ ఏడు ఇది మొదటిదా అంది. మొదటిదే అన్నాను. అయితే రెండు స్తుతులు అంది. ఒకటి చెట్టు పండుకు. రెండోది షెహెఖెయాను, మమ్మల్ని బతికించి, నిలబెట్టి, ఈ వేళకు చేర్చినందుకు అని. నేను ఆమేన్ అన్నాను. మొదటి తొన నాకే ఇవ్వబోయింది, ముందు నువ్వు తిను సవ్తా అన్న. కళ్ళు మూసుకుని నెమ్మదిగా చప్పరించింది, గింజలు ఎక్కడ వేయాలో తెలియక నా వైపు చూసింది. చెయ్యి చాపాను. నల్లటి గింజలు ఒక్కొక్కటే నా అరచేతిలోకి ఊసింది.